సన్నటి కోణాల ఫాంట్: ఎలా గీస్తారు, ఎక్కడ వాడాలి?

[స్క్రీన్ మీద: తిరుపతి గాంధీ రోడ్డు, సాయంత్రం. ఒక బట్టల కొట్టు గాజు తలుపు.]

నమస్తే అండీ. ఇది పోయిన నెల తీసిన వీడియో. ఆ తలుపు మీది పేరు నేనే గీశాను. దగ్గరికెళ్తే ఎంత బాగుందో చూడండి: సూది మొనల్లాంటి కోణాలు, వెంట్రుకంత గీతలు. రోడ్డు దాటి ఇవతలికొస్తే మాత్రం అక్కడ అక్షరాలున్నట్టే తెలియదు.

[స్క్రీన్ మీద: ఫ్యూచురా ఫాంట్‌లో పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు.]

కాంపస్, స్కేలు పెట్టి గీసినట్టుండే వీటిని జామెట్రిక్ ఫాంట్లు అంటారు. బాగా పేరున్నది ఫ్యూచురా. పాల్ రెన్నర్ గీస్తే, 1927లో జర్మనీలో అచ్చు అక్షరాలు పోతపోసే బావర్ ఫౌండ్రీ విడుదల చేసింది. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద వదిలొచ్చిన ఫలకం మీదున్నవీ ఈ అక్షరాలే.

అయితే స్కేలు ఒక్కటే సరిపోదు. క్యాపిటల్ ‘ఏ’ మొనను పక్కనున్న ‘హెచ్’ ఎత్తుకే ఆపండి. ‘ఏ’ పొట్టిగా కనిపిస్తుంది! మొన దగ్గర నలుపు తక్కువ కాబట్టి కన్ను దాన్ని లెక్కలోకి తీసుకోదు. అందుకే మొనను కాస్త పైకి లాగుతారు. ‘ఓ’ను కూడా పైనా కిందా రవ్వంత పెంచుతారు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

మరి తెలుగులో? మనవి గుండ్రటి అక్షరాలు, కోణాలు లేవనుకుంటాం. తలకట్టు చూడండి, అచ్చం టిక్కు మార్కే కదా! నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను. తలకట్టు పదునుగా, పొట్ట గుండ్రంగా. పొట్టను కూడా పలకలుగా విరిస్తే చదివేవాళ్లు తడబడతారు.

అసలు చిక్కు చిన్న గీతలతోనే. ‘ధ’ కింద గీత ఎగిరిపోతే ‘ధర’ కాస్తా ‘దర’ అవుతుంది.

[క్లోజప్: వినైల్ స్టిక్కర్, సూది.]

మెషిన్ కోశాక అక్షరం చుట్టూ ఉన్న స్టిక్కర్‌ను ఇలా సూదితో ఎత్తి మెల్లగా లాగేస్తాం. లావు అక్షరం కదలదు. సన్న గీతకు జిగురున్న చోటే తక్కువ. ఇదిగో, లేచి వచ్చేసింది. ఆ కొట్టు పేరులో ‘ధ’ ఉంది. దాని గీత ఇలాగే మూడుసార్లు పోయింది.

నలుపు మీద తెల్ల అక్షరమైతే ప్రింటింగ్‌లో ఇంకు పాకి గీతను మింగేస్తుంది. ఫోన్‌లో చిన్న సైజుకి నల్ల గీత బూడిదరంగుకు తిరుగుతుంది.

శుభలేఖ మీద వధూవరుల పేర్లకైతే ఈ ఫాంట్ హాయిగా వాడండి. పెద్ద సైజు, చుట్టూ ఖాళీ ఉంటే చాలు. ముహూర్తానికీ, కల్యాణ మండపం అడ్రసుకూ మామూలు ఫాంటే పెట్టండి. అలిపిరి బస్సు బోర్డుకు అసలే వద్దు, పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తుతూ వచ్చేవాళ్లు చదవాలి.

[స్క్రీన్ మీద: అదే తలుపు, కొత్త అక్షరాలు.]

అందుకే ఆ పేరు మళ్లీ గీశాను. తలకట్టు మొన అలాగే ఉంచి, గీత మందం రెండింతలు చేశాను. రోడ్డు ఇవతలి నుంచే చూపిస్తున్నాను, ‘ధ’ కింద గీత కనిపిస్తోందా?