క్యూబా ప్రయాణం: టికెట్ కొనడం చివరి పని

నమస్కారం. భారతదేశంలోని ఏ విమానాశ్రయం నుంచీ క్యూబా రాజధాని హవానాకు నేరుగా విమానం లేదు. దానికి తోడు, 1962లో అమెరికా విధించిన వాణిజ్య దిగ్బంధం నేటికీ కొనసాగుతున్నందువల్ల, క్యూబాతో ఏ సంబంధమూ లేదనిపించే మన బ్యాంకు కార్డు మీద కూడా దాని నీడ పడుతుంది. చాలామంది చవకగా కనిపించిన టికెట్‌ను ముందు కొనేసి, కాగితాల సంగతి తరువాత చూసుకుంటారు. ఈ ప్రయాణానికి మాత్రం ఆ వరుసను తిరగేయమని నేను గట్టిగా చెబుతాను.

తెర మీద ఉన్న పటాన్ని చూడండి. హవానా చేరడానికి ఇస్తాంబుల్, మాడ్రిడ్, పారిస్, టొరంటో, మెక్సికో సిటీ, పనామా సిటీ వాడుకలో ఉంటూ వచ్చిన దారులు. వీటిలో దేన్ని ఎంచుకోవాలో నిర్ణయించేది ధర కాదు, మధ్యలో దిగే దేశం మీ పాస్‌పోర్టును చూసే తీరు. ఇస్తాంబుల్‌లో విమానాశ్రయం దాటకుండా మరో అంతర్జాతీయ విమానం ఎక్కే భారతీయులకు వీసా అక్కరలేదు. కెనడాలో విమానం మారడానికి సాధారణంగా ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికాలో అయితే రెండు గంటలు ఆగినా వీసా ఉండవలసిందే. యూరప్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే షెంగెన్ దేశాలన్నీ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఒకే కూటమి అయినా విమానాశ్రయ ట్రాన్సిట్ నియమం దేశానికొక తీరుగా ఉంటుంది, పైగా మారుతూ ఉంటుంది. కాబట్టి ఆ దేశ రాయబార కార్యాలయపు వెబ్‌సైట్‌లో ఆ వారం ఏమి ఉందో చూసిన తరువాతే ఆ దారి గురించి ఆలోచించండి.

ఇక్కడే ఇంకొక చిక్కు ఉంది. రెండు వేర్వేరు టికెట్లు కొంటే కొన్ని వేలు మిగలవచ్చు గానీ, మధ్య విమానాశ్రయంలో సామాను బయటకు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయవలసి వస్తే మీరు ఆ దేశంలోకి ప్రవేశించినట్లే లెక్క, అప్పుడు ట్రాన్సిట్ వీసా కాదు, ప్రవేశ వీసాయే కావాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే నష్టం కూడా మీదే అవుతుంది. అందుకే శంషాబాద్ నుంచి హవానా వరకు ఒకే పీఎన్ఆర్ మీద టికెట్ దొరికేలా చూసుకోండి.

పనామాలో ఒకటి రెండు రోజులు ఆగి రావాలనుకునేవారు ఎల్లో ఫీవర్ టీకా సంగతి మరవవద్దు. ఆ వ్యాధి ఉన్న దేశాల జాబితాలో భారత్ పనామాను చేర్చింది. అక్కడి నుంచి ఆరు రోజులలోపు టీకా ధ్రువపత్రం లేకుండా తిరిగివస్తే క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ పత్రం చెల్లుబాటు కాదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఒక విషయం వివరంగా చెప్పాలి. హెచ్-1బీ మీద డాలస్‌లో పనిచేస్తున్న వ్యక్తి భారతీయ పౌరుడే అయినా, అమెరికాలో నివసిస్తున్నందున క్యూబాపై అమెరికా ఆంక్షల నియమాలు ఆయనకూ వర్తిస్తాయి. ఆ నియమాల ప్రకారం కేవలం విహారయాత్ర కోసం వెళ్లడానికి అనుమతి లేదు. కుటుంబ సందర్శన, వృత్తిపరమైన పరిశోధన, క్యూబా ప్రజలకు తోడ్పాటు వంటి పన్నెండు వర్గాలలో ఒకదాని కిందకు ప్రయాణం రావాలి, దానికి తగిన రసీదులూ దినచర్య వివరాలూ దాచుకోవాలి. ఆ పత్రాలను దాచవలసిన గడువు 2025 మార్చిలో ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెరిగింది. మెక్సికో మీదుగా వెళ్తే ఇదేదీ లెక్కలోకి రాదన్న మాట తరచుగా వినిపిస్తుంది. అది తప్పు, నియమం మనిషిని అనుసరిస్తుందే తప్ప విమానం బయలుదేరిన ఊరిని కాదు.

బ్రిటన్ లేదా ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న మన బంధువులకు వేరొక ఇబ్బంది ఉంది. 2021 జనవరి 12న గానీ ఆ తరువాత గానీ క్యూబాలో అడుగుపెట్టినవారు అమెరికా ఎస్టా సౌకర్యాన్ని, అంటే వీసా లేకుండా ఆన్‌లైన్ అనుమతితో అమెరికా వెళ్లే వీలును, కోల్పోతారు, ఆపై అమెరికా వెళ్లాలంటే మామూలు వీసాకు దరఖాస్తు చేసుకోవాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి ఎస్టా ఎలాగూ వర్తించదు. అయితే అమెరికా వీసా దరఖాస్తులో గత ఐదేళ్లలో తిరిగిన దేశాలను అడిగే చోట క్యూబా పేరు దాచకుండా రాయండి.

ఇక డబ్బు విషయం. అమెరికా బ్యాంకులు ఇచ్చిన కార్డులు క్యూబాలో పనిచేయవని అనుకునే బయలుదేరాలి. మన ఫారెక్స్ కార్డు పని చేస్తుందో లేదో ఫోన్‌లో అడిగి ఊరుకోకుండా బ్యాంకు నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి, ఎందుకంటే కార్డు వెనుక అమెరికా సంస్థ ఉంటే అది అక్కడ ఆగిపోవచ్చు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు తీసుకోకూడదు గనుక, ఆ పరిమితిలోనే ఖర్చు సరిపోయేలా రోజులు లెక్కవేసుకోవాలి. చిన్న యూరో నోట్లు ఎక్కువగా ఉంచుకోండి. మిగిలిన క్యూబా పెసోలు ఆ దేశం బయట ఎవరూ మార్చరు.

కాగితాలలో మొదటిది ఈ-వీసా. 2025లో ఇది పాత కాగితపు టూరిస్ట్ కార్డు స్థానంలోకి వచ్చింది. రెండోది వైద్య బీమా, 2010 మే నుంచి తప్పనిసరి. పాలసీలో క్యూబా వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉండాలి, ప్రపంచమంతటా అనే మాట చాలదు, ఎందుకంటే ఆంక్షలున్న దేశాలను మినహాయించే వాక్యం పాలసీలో లోపలి పేజీల్లో ఉండవచ్చు. మూడోది డీవియాహెరోస్ అనే ఆన్‌లైన్ పత్రం. దిగడానికి ముందు ఏడు రోజులలోపు నింపి, అందులో వచ్చే క్యూఆర్ కోడ్‌ను ముద్రించుకోండి. 2024 అక్టోబరులో దేశవ్యాప్తంగా విద్యుత్ సరఫరా కుప్పకూలిన దేశం క్యూబా. అందువల్ల ఫోన్ మీదే ఆధారపడకుండా ప్రతి పత్రానికీ కాగితపు నకలు, వాడే మందులకు చీటీ, మొదటి రాత్రి బస చిరునామా చేతిసంచిలో ఉంచుకోండి.

చివరి వారంలో నింపే డీవియాహెరోస్ తప్ప మిగిలినవన్నీ చేతికి వచ్చాకే టికెట్ కొనండి. ఇంధన కొరత వల్ల క్యూబా విమానాలు తగ్గడమూ, రద్దు కావడమూ సాధ్యమే కాబట్టి, తేదీ మార్చుకునే వీలున్న టికెట్‌కు కొంత ఎక్కువ చెల్లించినా ఫరవాలేదు. తిరుగు ప్రయాణం తరువాత ఉద్యోగంలో చేరవలసిన రోజుకు కనీసం రెండు రోజుల వ్యవధి వదలండి.