ఓకే ప్రాంప్ట్ దగ్గర ఆగండి: సీడీ నుంచి బూట్ కాని పాత స్పార్క్‌స్టేషన్

అందరికీ నమస్కారం.

ఇవాళ ఒక్క యంత్రం గురించి, అందులోనూ ఒక్క జబ్బు గురించి మాట్లాడుకుందాం. యంత్రం పేరు స్పార్క్‌స్టేషన్ 5, ఒక వర్క్‌స్టేషన్ కంప్యూటర్. సన్ మైక్రోసిస్టమ్స్ 1994లో తెచ్చింది. పవర్ ఇస్తే ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద అక్షరాలు వస్తాయి, సీడీ పెట్టి బూట్ చెయ్యమంటే మాత్రం మొరాయిస్తుంది. చాలామంది అక్కడితో ఆశ వదిలేసి బండిని తుక్కుకి వేసేస్తారు. నా మనసుకి కష్టంగా ఉండేది అదే. ఎందుకంటే నూటికి తొంభై బండ్లలో బోర్డు నిక్షేపంగా ఉంటుంది. పోయింది ఒక బ్యాటరీ, లేదా తప్పుగా ఉన్న ఒక జంపర్ (పిన్నుల్ని కలిపే చిన్న క్లిప్పు), లేదా తప్పుగా రాసిన ఒక సీడీ. నేను చెప్పేదంతా స్పార్క్‌స్టేషన్ 10కి, 20కి కూడా దాదాపు అలాగే వర్తిస్తుంది. వీటన్నిటినీ సన్4ఎం కుటుంబం అంటారు. ఇంకా పాతవైన స్పార్క్‌స్టేషన్ 2, ఐపీఎక్స్ లాంటివి సన్4సీ. తేడా వచ్చిన చోట చెబుతాను.

ముందుగా ఒక మాట. సీడీ బూట్ కాలేదనగానే చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. పోనివ్వకండి. ఈ బండిలో ప్రామ్ అనే చిప్‌లో ఓపెన్‌బూట్ అనే ఫర్మ్‌వేర్ (పవర్ ఇవ్వగానే నడిచే తొలి ప్రోగ్రామ్) ఉంది, అడిగితే సమాధానం చెబుతుంది. స్టాప్ కీ పట్టుకుని ఏ నొక్కితే 'ఓకే' అని ప్రాంప్ట్ వస్తుంది. సన్ కీబోర్డు దొరక్కపోయినా దిగులు లేదు. కీబోర్డు పెట్టకుండా పవర్ ఇస్తే కన్సోల్ తనంతట తానే సీరియల్ పోర్టు ఏ మీదికి వెళ్తుంది. నల్-మోడెం కేబుల్, 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. స్టాప్-ఏ బదులు టెర్మినల్ ప్రోగ్రామ్ నుంచి బ్రేక్ పంపాలి. సన్ వాడిన 13డబ్ల్యూ3 కనెక్టర్ ఉన్న మానిటర్ కోసం వెతుక్కునే కన్నా ఇదే సుఖం, పైగా ప్రతి మెసేజీ లాగ్‌లో మిగులుతుంది.

తెర మీద మొదట చూడాల్సిన మెసేజీ: "ఐడీప్రామ్ కంటెంట్స్ ఆర్ ఇన్‌వాలిడ్." ఐడీప్రామ్ అంటే బండి గుర్తింపు వివరాలు. ఇది కనిపించిందంటే, పవర్ లేకపోయినా సెట్టింగులు గుర్తుంచుకునే ఎన్‌వీర్యామ్ చిప్ బ్యాటరీ అయిపోయింది. సన్4ఎం బండ్లలో ఆ చిప్ ఎం48టీ08, సన్4సీ బండ్లలో ఎం48టీ02. లిథియం బ్యాటరీ చిప్ పైభాగంలోనే సీలు వేసి ఉంటుంది, ఆయుష్షు సుమారు పదేళ్లు. 1994 నాటిది ఇప్పటికి బతికి ఉండదు. ఈథర్‌నెట్ అడ్రస్, హోస్ట్ ఐడీ, బూట్ సెట్టింగులు అన్నీ అందులోనే ఉండేవి.

సీడీకీ దీనికీ ఏం సంబంధం అంటారా? మతి పోయిన ఎన్‌వీర్యామ్‌లో 'డయాగ్-స్విచ్' చాలాసార్లు ట్రూగా తేలుతుంది. అది ట్రూ అయితే బండి మామూలు బూట్ డివైస్‌ని వదిలేసి డయాగ్-డివైస్ వైపు, అంటే నెట్‌వర్క్ వైపు పోతుంది. "టైమౌట్ వెయిటింగ్ ఫర్ ఆర్ప్/రార్ప్ ప్యాకెట్" అనే వరస ఆగకుండా వస్తుంటే బండి నెట్‌వర్క్‌లో తన అడ్రస్ అడుగుతోంది, మీ సీడీని ముట్టుకోనేలేదు. ఆ వరస చూసి డ్రైవ్ మార్చి లాభం లేదు. స్టాప్-ఏ కొట్టి, 'సెట్-డిఫాల్ట్స్' ఇచ్చి, 'సెట్ఎన్వ్' తో డయాగ్-స్విచ్‌ని ఫాల్స్ చేసి, 'రీసెట్' చెప్పండి. పవర్ తీసేవరకు నిలుస్తుంది. బ్యాటరీ ఉందో పోయిందో తేల్చుకోవాలంటే ఏదైనా ఒక సెట్టింగ్ మార్చి, ప్లగ్ పీకి, కాసేపాగి మళ్ళీ 'ప్రింట్ఎన్వ్' తో చూడండి.

ఐడీప్రామ్‌ని చేత్తో రాయడం కష్టమేమీ కాదు. మొత్తం 16 బైట్లు. ప్రాంప్ట్ అంకెలన్నిటినీ హెక్స్‌గానే (16 ఆధారంగా, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ వరకు) తీసుకుంటుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి. కమాండ్ 'ఎంకేపీ'. ముందు విలువ, తర్వాత స్థానం, చివర కమాండ్. సున్నా స్థానంలో 1. ఒకటో స్థానంలో యంత్రం రకం: స్పార్క్‌స్టేషన్ 5కి 80, 10కి, 20కి 72. తర్వాత ఆరు బైట్లు ఈథర్‌నెట్ అడ్రస్. మొదటి మూడూ సన్ కంపెనీవి: 8, 0, 20. మిగతా మూడు మీ ఇష్టం, మీ నెట్‌వర్క్‌లో మరో బండికి లేనివైతే చాలు. పాత చిప్ మీద బార్‌కోడ్ స్టిక్కర్ ఉంటే ముందు దాన్ని చూడండి, అసలు అడ్రస్ చివరి భాగం దాని మీద ఉంటుంది. ఆ తర్వాత నాలుగు బైట్లు తయారీ తేదీ, సున్నాలు పెట్టొచ్చు. సి, డి, ఇ స్థానాల్లో హోస్ట్ ఐడీ మూడు బైట్లు. చివరిదైన ఎఫ్ స్థానంలో చెక్‌సమ్, అంటే పై 15 బైట్ల ఎక్సార్ (బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0 ఇచ్చే లెక్క).

ఇక్కడ లెక్క తేలికయ్యే మార్గం ఒకటుంది. హోస్ట్ ఐడీలోని మూడు బైట్లనీ ఈథర్‌నెట్ చివరి మూడు బైట్లతో సమానంగా పెట్టండి. ఎక్సార్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తేదీ సున్నాలైతే మిగిలేది 1, 80, 8, 0, 20 మాత్రమే. 1కి 80 కలిస్తే 81, దానికి 8 కలిస్తే 89, దానికి 20 కలిస్తే ఏ9. స్పార్క్‌స్టేషన్ 5కి చెక్‌సమ్ ఏ9, స్పార్క్‌స్టేషన్ 20కి 5బి. మీరు ఏ అడ్రస్ ఎంచుకున్నా ఇదే. రీసెట్ చేస్తే బ్యానర్‌లో మీ అడ్రస్ కనిపిస్తుంది, ఇన్‌వాలిడ్ గోల పోతుంది.

శాశ్వతంగా కావాలంటే రెండు దారులు. కొత్త చిప్ కొనడం ఒకటి. ఆన్‌లైన్‌లో పాత చిప్‌లకే మెరుగు పెట్టి కొత్తవని అమ్ముతున్నారు, కొనేముందు తయారీ వారం చూడండి. రెండోది, పాత చిప్ పైభాగం అరగదీసి బ్యాటరీ తీగలు బయటపెట్టి సీఆర్2032 హోల్డర్ అతికించడం. అప్పుడు లోపలి చచ్చిన బ్యాటరీకి పోయే తీగని తప్పకుండా తెంచండి, లేకపోతే కొత్త సెల్‌ని అది తాగేస్తుంది.

మతి కుదిరాక అడగాల్సింది 'ప్రోబ్-స్కజీ'. స్కజీ అంటే డిస్కుల్నీ సీడీ డ్రైవ్‌నీ బోర్డుకి కలిపే పద్ధతి, టార్గెట్ అంటే అందులో ఒక్కో పరికరానికి ఉండే ఐడీ నంబరు. స్పార్క్‌స్టేషన్ 5లో హార్డ్ డిస్క్ టార్గెట్ 3, సీడీ టార్గెట్ 6, కంట్రోలర్ 7. జవాబులో టార్గెట్ 6 దగ్గర "రిమూవబుల్ రీడ్ ఓన్లీ డివైస్" అని, పక్కన డ్రైవ్ పేరు రావాలి. ఆ పేరులో తోషిబా తర్వాత 'సన్' అనే అక్షరాలు ఉంటే అది సన్ కోసమే ఫర్మ్‌వేర్ రాసిన డ్రైవ్, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. సన్ తర్వాత తెచ్చిన అల్ట్రా బండ్లలో మాత్రం స్టాప్-ఏ కొట్టిన వెంటనే ప్రోబ్ చేస్తే బండి బిగుసుకుపోవచ్చు. ఆటో-బూట్‌ని ఫాల్స్ చేసి, 'రీసెట్-ఆల్' ఇచ్చి, ఆ తర్వాత అడగాలి.

ప్రోబ్‌లో డ్రైవ్ కనిపించిందంటే కేబుల్ బాగున్నట్టే అనుకోకండి. ప్రోబ్ అడిగేది కొద్ది బైట్లు, అదీ నెమ్మదిగా. అసలు పరీక్ష వేల బైట్లు వేగంగా నడిచినప్పుడు. టెర్మినేషన్ (కేబుల్ కొసల్లో సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే ఏర్పాటు) తప్పితే ప్రోబ్ పాసవుతుంది, బూట్ మధ్యలో చస్తుంది. నియమం ఇంతే: స్కజీ బస్సుకి, అంటే పరికరాలన్నిటినీ కలిపే కేబుల్ వరసకి, రెండు కొసలు, రెండు కొసలకీ రెండు టెర్మినేటర్లు, మధ్యలో ఏదీ ఉండకూడదు. బయట పెట్టెలో సీడీ డ్రైవ్ పెట్టారనుకోండి, టెర్మినేటర్ ఆ పెట్టె చివర ఉండాలి. డ్రైవ్ మీద కూడా టెర్మినేషన్ జంపర్ మిగిలిపోతే మూడోది అవుతుంది. మామూలు వేగంలో కేబుల్ లోపలా బయటా కలిపి 6 మీటర్లు దాటకూడదు, ఫాస్ట్ స్కజీలో 3 మీటర్లు. 50 పిన్నుల కనెక్టర్‌లో 26వ పిన్ను టెర్మినేటర్‌కి కరెంటు ఇచ్చేది. మీటర్ పెట్టి గ్రౌండ్‌కీ దానికీ మధ్య చూడండి. 4.25 నుంచి 5.25 వోల్టుల లోపు రావాలి. సున్నా వస్తే బోర్డు మీద ఫ్యూజు పోయిందేమో వెతకండి.

ఇప్పుడు అసలు ముడి. టార్గెట్ 6 కనిపిస్తోంది, కేబుల్ బాగుంది, 'బూట్ సీడీరామ్' అంటే మాత్రం "బ్యాడ్ మ్యాజిక్ నంబర్ ఇన్ డిస్క్ లేబుల్", లేదా లోడైన ఫైల్ ఎగ్జిక్యూటబుల్‌లా లేదనే ఫిర్యాదు, లేదా ఏమీ చెప్పకుండా నిలబడిపోవడం. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. కారణం బ్లాక్ సైజు.

సన్ వాళ్ళు సీడీని హార్డ్ డిస్క్ లాగానే చూశారు. సున్నా బ్లాక్‌లో లేబుల్, ఆ లేబుల్‌లో స్లైసుల (డిస్క్ భాగాల) పట్టిక, ఒక్కో బ్లాక్ 512 బైట్లు. మామూలు సీడీ డ్రైవ్‌లు పవర్ ఇవ్వగానే 2048 బైట్ల బ్లాక్‌తో లేస్తాయి. ప్రామ్ "ఒకటో బ్లాక్ ఇవ్వు" అంటుంది. దాని లెక్కలో అది డిస్క్ మీద 512వ బైటు దగ్గర మొదలవ్వాలి. డ్రైవ్ లెక్కలో 2048వ బైటు దగ్గర. పైగా 512 బైట్లు వస్తాయని కూర్చున్న చోట 2048 వచ్చి పడతాయి. బ్లాక్ నంబరు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. అందుకే సున్నా దగ్గరున్న లేబుల్ ఒక్కోసారి సరిగ్గా చదివినట్టే అనిపించి, బూట్ బ్లాక్ దగ్గర తప్పిపోతుంది. మెసేజీ బండి బండికీ మారడానికీ ఇదే కారణం.

విచిత్రం ఏమిటంటే సన్ ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ ఒకసారి లేచాక తన డ్రైవరే డ్రైవ్‌కి బ్లాక్ సైజు మార్చమని చెప్పుకుంటుంది. కాబట్టి "మౌంట్ అవుతోందిగా, బూట్ ఎందుకు కాదు" అనే ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. ప్రామ్‌కి ఆ తెలివి లేదు. డ్రైవ్ పుట్టుకతోనే 512 కావాలి. ప్లెక్స్‌టర్ స్కజీ డ్రైవ్‌లలో వెనక 'బ్లాక్' అని రాసిన జంపర్ ఉంటుంది. 12టీఎస్, 32టీఎస్, 40టీఎస్ లాంటివాటి మీద చూడండి. ఆ జంపర్ పెట్టి, పవర్ తీసి ఇవ్వండి, ఐడీ 6కి మార్చండి, అంతే. కొన్ని పాత తోషిబా డ్రైవ్‌లలో అదే పని బోర్డు మీది సోల్డర్ ప్యాడ్‌తో చెయ్యాలి. జంపరే లేని డ్రైవ్‌తో కుస్తీ పట్టకండి, అది ఈ ఉద్యోగానికి పనికిరాదు. సిలికాన్ గ్రాఫిక్స్ ఇండీ లాంటి బండ్లకీ ఇదే 512 పట్టింపు ఉంది. అల్ట్రా 5, అల్ట్రా 10 స్కజీ కాకుండా ఐడీఈ డ్రైవ్ వాడతాయి గనక వాటికి ఈ తంటా లేదు.

డ్రైవ్ అయింది, ఇక సీడీ. 1994 నాటి డ్రైవ్‌కి సీడీ-ఆర్‌డబ్ల్యూ ఇవ్వకండి. దాని మీద నుంచి తిరిగొచ్చే వెలుతురు 15 నుంచి 25 శాతమే, మామూలు సీడీ-ఆర్‌కి 65 శాతం పైనే. సీడీ-ఆర్ మీద డిస్క్-ఎట్-వన్స్ పద్ధతిలో, తక్కువ వేగంలో, ఒకే సెషన్‌గా రాసి మూసెయ్యండి. ఇమేజ్‌ని, అంటే మొత్తం సీడీ ఒకే ఫైల్‌గా ఉన్నదాన్ని, ఉన్నదున్నట్టు రాయాలి. లోపలి ఫైళ్ళు తీసి మళ్ళీ కొత్త ఐఎస్ఓ ఇమేజ్ కడితే బూట్ పోతుంది. ఎందుకో చెబుతాను. ఐఎస్ఓ ఫైల్‌సిస్టమ్ మొదటి 16 సెక్టార్లని, అంటే 32,768 బైట్లని, ఖాళీగా వదిలేస్తుంది. సన్ లేబుల్ కూర్చునేది ఆ ఖాళీలోనే. కొత్త ఐఎస్ఓ కట్టే ప్రోగ్రామ్ ఆ చోటుని సున్నాలతో నింపేస్తుంది.

సీడీ కాల్చేముందు అర నిమిషం పరీక్ష ఉంది. లినక్స్‌లో 'డీడీ' తో ఇమేజ్ మొదటి 512 బైట్లు తీసి 'ఓడీ' కి ఇచ్చి హెక్స్‌లో చూడండి. 508, 509 బైట్ల దగ్గర డీఏ, బీఈ కనిపించాలి. అదే ఆ మ్యాజిక్ నంబర్. అక్కడ రెండు సున్నాలుంటే ఆ ఇమేజ్‌తో ఏ సన్ బండీ లేవదు, ఎన్ని డ్రైవ్‌లు మార్చినా సరే.

లేబుల్ ఉన్నా స్లైసు కుదరాలి. సొలారిస్ సీడీలో ఒక్కో కుటుంబానికి ఒక్కో బూట్ స్లైసు: సన్4సీకి సి, సన్4ఎంకి డి, సన్ పెద్ద సర్వర్ల కుటుంబం సన్4డీకి ఇ, అల్ట్రాలకి ఎఫ్. 'డెవ్ఎలియాస్' అడిగితే సీడీరామ్ దారి చివర ఏ అక్షరం ఉందో కనిపిస్తుంది. స్పార్క్‌స్టేషన్ 5లో డి ఉండాలి. సన్4సీని సొలారిస్ 7 తర్వాత వదిలేశారు, సన్4ఎంని సొలారిస్ 9 తర్వాత. సొలారిస్ 10 సీడీ పెట్టి బూట్ కాలేదని డ్రైవ్‌ని తిట్టకూడదు. ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌బీఎస్‌డీ అయితే రెండు కుటుంబాల్నీ ఆదుకుంటుంది. స్పార్క్‌స్టేషన్ 1, ఐపీసీ లాంటి తొలి బండ్ల ప్రామ్‌లో 'బూట్ సీడీరామ్' పనిచెయ్యకపోతే పాత పద్ధతిలో చెప్పాలి: బూట్, ఎస్‌డీ, బ్రాకెట్లో 0, 6, 2.

అసలు డ్రైవే దొరకని వాళ్ళకి బ్లూస్కజీ, జులుస్కజీ లాంటి, డ్రైవ్‌లా నటించే ఎమ్యులేటర్లు ఉన్నాయి. ఎస్‌డీ కార్డు మీద ఇమేజ్ పెట్టి, ఫైల్ పేరులోనే సీడీ అనీ, ఐడీ 6 అనీ, బ్లాక్ 512 అనీ చెప్పొచ్చు. మోటారు లేదు, లెన్స్ లేదు. పాత వస్తువు పాతగానే ఉండాలనే వాళ్ళ పట్టుదల నాకు గౌరవమే. అయినా ముందు ఎమ్యులేటర్‌తో బండి లేపి, ఆ తర్వాత అసలు డ్రైవ్ సంగతి చూడమనే నా సలహా. తప్పు బండిలో ఉందో డ్రైవ్‌లో ఉందో అప్పుడే తేలిపోతుంది.

ఇవేవీ కాకపోతే నెట్‌వర్క్ బూట్. లినక్స్ బండిలో రార్ప్ (ఐపీ అడ్రస్ చెప్పేది), టీఎఫ్‌టీపీ (బూట్ ఫైల్ పంపేది), బూట్‌ప్యారమ్స్ (మిగతా బూట్ వివరాలు చెప్పేది) మూడూ నడవాలి. బూట్ ఫైల్ పేరు దగ్గర జాగ్రత్త. సన్ బండి తన ఐపీ అడ్రస్‌నే హెక్స్‌లో, పెద్ద అక్షరాల్లో, ఫైల్ పేరుగా అడుగుతుంది. 192.168.1.10 అయితే సీ0ఏ8010ఏ, దాని వెనక చుక్క పెట్టి సన్4ఎం. ఈ అక్షరాలు చిన్నవైతే ఫైల్ ఉన్నా లేదంటుంది. ఇందుకు ఈథర్‌నెట్ అడ్రస్ సరిగ్గా ఉండాలి, అంటే ఎన్‌వీర్యామ్ పని ముందే పూర్తవ్వాలి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సన్4సీ బండ్లలో రూట్ స్లైసుని డిస్క్ మొదటి 1 జీబీ లోపలే ఉంచండి. పాత ప్రామ్ చదివే కమాండ్‌లో బ్లాక్ నంబరుకి 21 బిట్లే ఉంటాయి, 512 చొప్పున అది సరిగ్గా 1 జీబీ దగ్గర ఆగుతుంది. కొత్త ఎన్‌వీర్యామ్ చిప్ వేసిన వాళ్ళకి మొదటిసారి సొలారిస్ లేవగానే గడియారం మొదలవ్వలేదనే హెచ్చరిక రావచ్చు. కొత్త చిప్‌లు గడియారం ఆపిన స్థితిలో వస్తాయి. రూట్‌గా లాగిన్ అయ్యి 'డేట్' కమాండ్‌తో తేదీ పెట్టి, ఒక నిమిషం ఆగి మళ్ళీ చూడండి, అంకె కదలాలి.