ఎపిసోడ్ 41: ఫంగస్, రక్తం, మళ్లీ పావురాలు

[రికార్డింగ్ మొదలయ్యేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు]

అక్క: ...అది మాత్రం మైకు ముందు చెప్పకురా.

చిన్నోడు: చెప్పను. మన శ్రోతలు, అదే బొండాం బ్యాచ్‌కి ఎలాగూ అర్థమైపోయింది. నమస్కారం! ఈ వారం హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి వచ్చే ఫంగస్ జబ్బులు, రక్తం తగ్గిపోవడం. అక్క పదకొండేళ్లు ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే చోట చేసింది కాబట్టి తను చెబుతుంది, నేను వింటాను.

అక్క: నువ్వు? వినడం?

చిన్నోడు: మొదటి ప్రశ్న. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ పావురాల రెట్టలో ఉంటుందా, ఉండదా?

అక్క: వచ్చేశాడు పావురాల దగ్గరికి. ఉంటుంది. మట్టిలోనూ ఉంటుంది. చాలామందిమి ఎప్పుడో పీల్చే ఉంటాం. ఒంట్లో కాపలా గట్టిగా ఉన్నన్నాళ్లు ఓ మూలన పడి ఉంటుంది. సీడీ4, అంటే రక్తంలో ఆ కాపలా కణాల లెక్క, ఏ 100 కిందకో పడిపోయిందనుకో, మెదడు పొరల్లోకి ఎక్కుతుంది.

చిన్నోడు: అంటే నేను బాల్కనీకి కట్టిన వల...

అక్క: నీ వల నీ బాల్కనీకే. సీడీ4 200 లోపు ఉన్నవాళ్లకి రక్తంలో క్రిప్టో యాంటిజెన్, అంటే ఆ ఫంగస్ ఆనవాలు, చూడాలి. చిన్న పట్టీ, పది నిమిషాల పని. తలనొప్పి మొదలవకముందే పట్టేస్తుంది. అది చూడకే మా టైలరు అంతదాకా వచ్చాడు.

చిన్నోడు: ఏ టైలరు?

అక్క: మూడు వారాలు తలనొప్పి. ఒకరు సైనస్ అన్నారు, ఇంకొకరు కళ్లజోడు మార్చారు. చివరికి సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనిపిస్తున్నాయట. అప్పుడొచ్చాడు. వెన్నులో నీళ్లు తీయాలన్నారు డాక్టరుగారు. భార్య మంచం పట్టుకుని "వద్దమ్మా, కాళ్లు పడిపోతాయి" అని ఒకటే ఏడుపు.

చిన్నోడు: ఆవిడ తప్పేముంది? మా పిన్నికి సిజేరియన్ అప్పుడు వెన్నుకి సూది ఇచ్చారు. ఇరవై ఏళ్లయినా నడుం నొప్పే.

అక్క: ముగ్గురు పిల్లల్ని ఎత్తుకుని, బిందెలు మోస్తే ఎవరికైనా వస్తుంది.

చిన్నోడు: మా పిన్నిని అనకు.

అక్క: పిన్నిని కాదు, సూదిని వెనకేసుకొస్తున్నా. వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుందిరా. సూది గుచ్చేది దానికి ఇంకా కింద. అక్కడ ఉండేవి నీళ్లలో తేలే నరాలు. సూది తగిలితే పక్కకి జరుగుతాయి.

చిన్నోడు: నొప్పే ఉండదంటావ్?

అక్క: ఎందుకుండదు? నడుం పట్టేస్తుంది, కొందరికి రెండు మూడు రోజులు తలనొప్పి. ఏమీ ఉండదని చెప్పి సంతకం చేయించుకునేవాళ్లంటే నాకూ మంటే. కానీ కాళ్లు పడిపోతాయన్న మాట ఊళ్లోకి వదిలింది ఎవరో గానీ...

చిన్నోడు: మా పిన్ని మాత్రం కాదు.

అక్క: సరే, విను. ఈ జబ్బులో మెదడు చుట్టూ ఉండే నీళ్ల ఒత్తిడి పెరుగుతుంది, తలనొప్పి అందుకే. ఆ ఒత్తిడి కొలిచే గొట్టం మా దగ్గర లేదు. సెలైన్ సెట్ గొట్టాన్నే నిలబెట్టి పక్కన టేపు పట్టాం.

చిన్నోడు: ఆయన టేపేనా?

అక్క: ఛీ, నోరు ముయ్. నీళ్లు 20 సెంటీమీటర్ల లోపు ఆగాలి. ఆగలేదు. ఎక్కీ ఎక్కీ గొట్టం పైనుంచి కారిపోయాయి. ఆ నీళ్లు చుక్క చుక్కగా తీస్తుంటే ఆయన నుదుటి మీద ముడి విడిపోవడం నా కళ్లతో చూశా. మూడో రోజు ఆయనే అడిగాడు, "ఇవాళ తీయరా?" అని.

చిన్నోడు: ...మరి తీయించుకోని వాళ్లు?

అక్క: [కాసేపు ఆగి] ఒక పిల్ల. ఇరవై రెండేళ్లు. వాళ్ల నాన్న ఒప్పుకోలేదు. రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని తీసుకెళ్లిపోయారు. నేను అరిచాను కూడా. అరవకుండా ఉండాల్సింది.

చిన్నోడు: తర్వాత?

అక్క: ఫోన్ ఎత్తలేదు. రిజిస్టర్లో ఆ పేరు పక్కన ఏం రాయాలో తెలీక ఖాళీ వదిలేశా.

చిన్నోడు: ...రక్తం సంగతి చెప్తానన్నావ్.

అక్క: ఆఁ. రెండు ముక్కల్లో అయిపోతుంది. ఆంఫోటెరిసిన్ అని ఫంగస్‌ని చంపే మందు. 2021లో బ్లాక్ ఫంగస్ అప్పుడు జనం ఊరూరా వెతుక్కున్నారే, అదే ఇంజెక్షన్. పాత రకానికి వణుకు, కిడ్నీల మీద దెబ్బ, హిమోగ్లోబిన్ దిగిపోవడం. పొటాషియం కూడా పడిపోతుంది.

చిన్నోడు: పొటాషియం అంటే బొండాం!

అక్క: రిపోర్టు చూడకుండా బొండాం లేదు. కిడ్నీ దెబ్బతింటే అదే పొటాషియం పేరుకుపోతుంది. ఇప్పుడు అదే మందులో లైపోసోమల్ అనే కొత్త రకం ఒక్కసారే పెద్ద డోసు ఇచ్చి, 14 రోజులు ఫ్లూసైటోసిన్, ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మాత్రలు ఇమ్మని 2022 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. ఫ్లూసైటోసిన్‌తో తెల్లకణాలు తగ్గుతాయి, కాబట్టి రక్త పరీక్షలు మానొద్దు. ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టడం వెంటనే కాదు, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాకే. తొందరపడితే మెదడులో వాపు రేగుతుంది.

చిన్నోడు: హెచ్‌ఐవీ పాత మాత్రల వల్ల కూడా రక్తం పడిపోయేదిగా?

అక్క: జిడోవుడిన్. కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు ఉండేది కొందరికి. టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ కలిసిన ఒక్క మాత్ర వచ్చాక ఆ బాధ తగ్గింది.

చిన్నోడు: మరి పావురాల ఊపిరితిత్తుల జబ్బు అని వేరే ఉందట...

అక్క: ఉంది. ఇవాళ చెప్పను.

చిన్నోడు: అక్కా, ఆ రిజిస్టర్లో ఖాళీ...

అక్క: కుక్కర్ మూడు కూతలయ్యాయి, ఉండు.

[రికార్డింగ్ ఆగింది]