ఫ్రీగా వచ్చిన కవర్, అమ్మకానికి పెట్టిన ఫియట్

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ కార్ కవర్ నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్ళు ఊరికే పంపారు. డబ్బులు ఇవ్వలేదు, కవర్ వెనక్కి అడగలేదు. ఎన్ని పొరలు, ఏ సైజులు, వాన ఆపుతుందా లేదా, అదంతా వాళ్ళ పేజీలో మీరు చూసే ఉంటారు. మళ్ళీ చదివి మీ టైం తినను.

కవర్ సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. బాగుంది. లోపల మెత్తటి గుడ్డ, పెయింట్ మీద గీత పడలేదు. కింద ఎలాస్టిక్ గట్టిది. మొన్నటి గాలివానకి పక్కింటి వాళ్ళ స్కూటర్ కవర్ ఎగిరి మామిడిచెట్టు ఎక్కింది, ఇది కదల్లేదు. దీనికి ముందు నేను వాడింది టార్పాలిన్ లాంటిది. లోపల ఆవిరి పట్టి డిక్కీ మూత మీద బుడగలు లేచాయి, ఆ మూత ఒక్కటే మళ్ళీ గీకించి రంగు వేయించాల్సి వచ్చింది. దీంతో ఆ గోల లేదు. ఒకటే చిరాకు, అద్దాల జేబులు. ఈ కాలం కార్ల కొలతకి తలుపుల దగ్గర కుట్టారు. నా బండికి అద్దం ముందు మడ్‌గార్డ్ మీద ఉంటుంది. దాంతో ఆ జేబులు రెండూ ఏనుగు చెవుల్లా వేలాడుతున్నాయి, చూడండి.

ఇక అసలు విషయం. రివ్యూ చెయ్యాలంటే కనీసం ఒక నెల వాడాలి కదా. తీసినప్పుడల్లా గోడ మీద క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకుందామనుకున్నా. నెలాఖరుకి చూస్తే రెండే టిక్కులు. ఆ రెండూ ఈ వీడియో షూటింగ్ కోసం తీసినవే. నాకు అనుమానం వచ్చి మీటర్ చూశా. దసరాకి ఆయుధ పూజ చేసినప్పుడు రీడింగ్ రాసిపెట్టుకునే అలవాటు నాకు. దసరా నుంచి మొన్న ఉగాది దాకా ఈ బండి తిరిగింది 61 కిలోమీటర్లు. ఆరేళ్ళు బాగు చేయించుకున్న కారు సార్ ఇది.

అమ్మేస్తున్నా.

2018 నుంచి ఈ సిరీస్ చూస్తున్నవాళ్ళు తిట్టుకుంటారు, తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం కొంచెం చెప్తా. ఇది 1982 మోడల్ ప్రీమియర్ పద్మిని. వెనక పద్మిని అని రాసి ఉన్నా మా బెజవాడలో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, ఫియట్టే. గుడివాడ దగ్గర ఒక రైస్ మిల్లు షెడ్డులో 45 వేలకి దొరికింది. వెనక సీట్లో ఎలుకల కాపురం. కింద మ్యాట్ ఎత్తితే నేల కనిపించింది, కారు నేల కాదు, షెడ్డు నేల. ఆటోనగర్‌కి లారీ మీద తెచ్చాం. టింకరింగ్ మేస్త్రి ఎడమ తలుపు మీద చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అరచేయంత పుట్టీ పెచ్చు ఊడి ఆయన చేతిలో పడింది. దాని అంచు నాకు చూపించాడు. మడత కాజా పొరల్లా ఉంది: పైన తెలుపు, కింద పుట్టీ, మళ్ళీ నీలం, మళ్ళీ పుట్టీ, అన్నిటికన్నా కింద వెన్న రంగు. "బాబూ, ఇదీ ఫ్యాక్టరీ రంగు" అన్నాడు. ఆ పెచ్చు ఇప్పటికీ డ్యాష్‌బోర్డ్ డ్రాయర్లో ఉంది. రంగు కలిపించడానికి షాపుకి దాన్నే పట్టుకెళ్ళా.

సామాన్ల వేట గురించి పాత వీడియోల్లో చాలా చెప్పా. సికింద్రాబాద్ రాణిగంజ్, చెన్నై పుదుపేట, ముంబై కుర్లా పాత సామాన్ల దుకాణాలు అన్నీ తిరిగా. ప్రీమియర్ కంపెనీ ఫ్యాక్టరీ కూడా ఆ కుర్లాలోనే ఉండేది. వెనక లైటు అద్దం ఒక్కదానికి 14 నెలలు పట్టింది. పుదుపేటలో ఒక కుప్పలో దొరికింది, మూడొందలు అన్నాడు, అంత వెతికినవాణ్ణి కూడా అలవాటుగా రెండొందలకి బేరం ఆడా.

ఈ బండిలో నేను మిస్సయ్యేది ఒకటే, గేర్. స్టీరింగ్ వెనక ఎడమ పక్కన ఉంటుంది చూడండి, ఈ సన్నటి రాడ్డు. చివర్లో వచ్చిన వాటికి కింద గేర్ పెట్టారు, నాకు నచ్చలేదు. తెచ్చిన కొత్తలో ఇది పాయసంలో గరిటె తిప్పినట్టు ఉండేది, రెండో గేర్ ఎక్కడో, న్యూట్రల్ ఎక్కడో దేవుడికే తెలియాలి. ఈ రాడ్డుని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజీలో బుష్‌లు, అంటే కీళ్ళ దగ్గరుండే చిన్న గొట్టాలు, అరిగిపోయాయి. కొత్తవి లేత్ మీద చేయించాం. మొదటి సెట్టు బిగువైపోయింది, రెండోది వదులు. మూడో సెట్టు వేశాక మేస్త్రి రాడ్డు ఇలా కిందికి లాగాడు. టక్. వినిపించిందా? మైక్ దగ్గర పెడతా, మళ్ళీ వినండి. టక్. ఈ శబ్దం కోసం నేను ఇంజన్ ఆపి కూడా గేర్లు మార్చుకుంటూ కూర్చున్న రోజులున్నాయి. పైగా కింద గేర్ లేదు కాబట్టి ముందు సీటు ఒకటే బల్ల. ముగ్గురు కూర్చోవచ్చు. మంగళగిరి వెళ్ళినప్పుడు మా అమ్మ మధ్యలో, నాన్న కిటికీ పక్కన. "కారులో ఇంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్ళైందో" అంది అమ్మ. నాన్నేమో ఘాట్ దిగేటప్పుడు నా బదులు తనే బ్రేక్ తొక్కుతున్నట్టు కాళ్ళు బిగించి కూర్చున్నాడు.

ఇప్పుడు చిరాకు గురించి. ఎండాకాలం. ఇక్కడి ఎండల సంగతి చెప్పక్కర్లేదు. పెట్రోల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. వేడికి లోపల పెట్రోల్ ఆవిరైపోతుంది, పంపు ఆవిరిని తొయ్యలేదు, బండి ఆగిపోతుంది. పోయిన ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి కనకదుర్గ వారధి మీద సరిగ్గా మధ్యలో ఆగింది. వెనక ఆర్టీసీ బస్సు. హారన్ కొడతాడనుకుంటే డ్రైవర్ దిగొచ్చాడు. "ఫియట్టా? మా నాన్న తోలాడు తమ్ముడూ" అని మెడలో తువ్వాలు తీసి, నీళ్ళ సీసా ఒంపి, పిండకుండానే పంపు మీద కప్పాడు. పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే స్టార్టయింది. తువ్వాలు తీసుకోనన్నాడు. అప్పట్నుంచి అది డిక్కీలోనే ఉంటుంది. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కదా, అది పాత రబ్బరుకి పడదు. పైపులు, పంపులో డయాఫ్రం అనే రబ్బరు పొర రెండూ మార్పించా. కొనేవాళ్ళు ఏడాదికోసారి చూసుకోండి.

బండి అమ్ముతానని మొన్న స్టేటస్ పెట్టగానే ఫోన్లు మొదలయ్యాయి. సగం మంది మొదటి మాటే "లాస్ట్ ఎంత?" ఫోటో కూడా పూర్తిగా చూడరు. బొంబాయి పద్మిని టాక్సీలు 2023 అక్టోబర్‌లో రోడ్డు మీంచి పోయాక అందరికీ ఇది వింటేజ్ అయిపోయింది. కాదండీ. కేంద్రం 2021లో పెట్టిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటితేనే వింటేజ్, అప్పుడే వీఏ అక్షరాలుండే ప్రత్యేక నంబరు. నా బండికి 2032 దాకా ఆ మాటే లేదు. ఆ నంబరు వస్తే సంబరపడాల్సిందీ లేదు, రోజూ తిప్పుకోనివ్వరు, ర్యాలీకో ప్రదర్శనకో, పెట్రోల్‌కో రిపేరుకో తియ్యాలి అంతే. నాది మామూలు రిజిస్ట్రేషన్, పాత మూడక్షరాల నంబరు. 2023లో రెన్యువల్ చేయించా, 5,000 ఫీజు. 2028 దాకా ఉంది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి అది 10,000 చేశారు, కాబట్టి తర్వాతి రెన్యువల్ మీ జేబులోంచే. బండి మీ పేరు మీదకి మార్చుకునే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇస్తా, వేరే రాష్ట్రానికైతే ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే ఆర్టీఓ కాగితం కూడా తీసిస్తా. ఢిల్లీ వాళ్ళు దయచేసి ఫోన్ చెయ్యొద్దు, అక్కడ 15 ఏళ్ళు దాటిన పెట్రోల్ బండికి ఎన్ని తిప్పలున్నాయో మీకే తెలుసు.

ఖర్చు అడుగుతారు. నోటుబుక్కులో కూడితే 5 లక్షల 80 వేలు తేలింది. 4 లక్షల 50 వేలు చెప్తున్నా. తేడా ఎందుకంటే, బుష్‌లు మూడు సెట్లు చేయించింది నా పిచ్చి, దానికి మీరెందుకు కట్టాలి?

మేస్త్రికి చెప్పడానికి వెళ్ళా. కోప్పడతాడనుకున్నా. టీ తెప్పించి, "పాడైన రోజుల్లో వారానికి మూడుసార్లు వచ్చేవాడివి బాబూ. బాగయ్యాక ఇదే రావడం" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, మిల్లు షెడ్డులో ఇంకోటి ఏమైనా ఉందా అని అడిగాడు. ఉంది. ఆ వీడియో వేరే.

కవర్‌కి నా తీర్పు: కొనుక్కోవచ్చు, కానీ రోజూ తీసే బండికైతేనే. ఇది మటుకు కారుతో పాటు ఫ్రీగా ఇచ్చేస్తా, ఏనుగు చెవులతో సహా.

కొనాలనుకున్నవాళ్ళకి ఒకటే షరతు. పొద్దున్నే చల్లటి పూట వచ్చి చూసి ముచ్చటపడితే కుదరదు. మధ్యాహ్నం రెండింటికి రండి, వారధి దాకా వెళ్ళొద్దాం. తువ్వాలు డిక్కీలో ఉంది, నీళ్ళ సీసా మీరు తెచ్చుకోండి.