రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేవాళ్లు

అందరికీ నమస్కారం.

నేను మొదటిసారి సింక్రోట్రాన్‌లో, అంటే తీవ్రమైన ఎక్స్-రే కిరణాలతో పదార్థాలను పరీక్షించే పెద్ద యంత్రం దగ్గర, ప్రయోగానికి వెళ్లినప్పుడు మాకిచ్చినవి మూడు షిఫ్టులు. షిఫ్టంటే ఎనిమిది గంటలు. ఆ ఒక్క రోజు కోసం సమయం ఇమ్మని ప్రపోజల్ రాసి, నెలల తరబడి ఎదురుచూసి, శాంపిల్స్ జాగ్రత్తగా మోసుకెళ్లాం. రాత్రి రెండింటికి డిటెక్టర్ ఫైళ్లు రాయడం ఆపేసింది. స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ నంబర్, దాని అర్థం మాలో ఎవరికీ తెలీదు. మా లోకల్ కాంటాక్ట్, అంటే మాకు సాయపడాల్సిన అక్కడి సైంటిస్టు, ఫోన్ నంబర్ గోడ మీదే ఉంది. అయినా ఆ వేళప్పుడు నిద్రలేపడం బాగుంటుందా అని గంటన్నర గొణుక్కున్నాం. చివరికి నేనే చేశాను. అవతలి నుంచి నిద్రమత్తులో ఒకటే ప్రశ్న: "ఫోల్డర్ పేరు మధ్యలో స్పేస్ పెట్టారా?" పెట్టాం. తీసేశాం. పని మొదలైంది.

ఆ సంగతి మాన్యువల్‌లో ఉందని తర్వాత చెప్పారు. ఉండే ఉంటుంది. మాకు పోయిన గంటన్నర మాత్రం మాన్యువల్ చదవక పోయింది కాదు, మొహమాటంతో పోయింది. యూజర్ సపోర్ట్, అంటే ఇలాంటి వసతులు వాడుకునేవాళ్లకు చేసే సాయం గురించి నాకు తెలిసినదంతా ఆ రాత్రి దగ్గరే మొదలైంది.

పరిశోధనా మౌలిక వసతి అంటే సింక్రోట్రాన్ ఒక్కటే కాదని ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. టెలిస్కోపు, సూపర్ కంప్యూటర్, జన్యు డేటాబేస్, భాషా భాండాగారం, అన్నీ అదే కోవ. ఒక్క ల్యాబ్ భరించలేనిదాన్ని అందరూ కలిసి కట్టుకుని, అందరూ వాడుకోవడం. కట్టేటప్పుడు డబ్బు, ఇంజనీర్లు, రిబ్బన్ కటింగ్ అన్నీ ఉంటాయి. సపోర్ట్‌కి ఎంతమంది కావాలన్న లెక్క సాధారణంగా చివరి పేజీలో వస్తుంది. బడ్జెట్ తగ్గించాల్సి వస్తే మొదట చిరిగేది కూడా ఆ పేజీయే.

యూజర్ సాయం అడుగుతూ పంపే ప్రతి ప్రశ్ననూ టికెట్ అంటాం. హెల్ప్‌డెస్క్ పనితీరును చాలాచోట్ల "టికెట్‌ని సగటున ఎన్ని గంటల్లో మూశారు" అన్న ఒక్క అంకెతో కొలుస్తారు. నాకా అంకె మీద నమ్మకం లేదు. అలా కొలిస్తే సిబ్బంది సులువైన ప్రశ్నలను ముందు తీసుకుంటారు, కష్టమైనవాటికి "మాన్యువల్ చూడండి" అని రాసి మూసేస్తారు. తర్వాత సపోర్ట్ పనిలోకి వచ్చాక నేనే అలా మూసిన రోజులున్నాయి. పైగా "యూజర్ తప్పు" అనే వర్గం ఒకటి పెట్టుకుంటాం. ఒకరు చేస్తే యూజర్ తప్పే అనుకుందాం. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే తప్పు చేశారంటే అది మన తప్పు. ఫోల్డర్ పేరులో స్పేస్ ఉంటే ఆగిపోయే సాఫ్ట్‌వేర్‌ని సరిచేస్తే ఇక ఆ ఫోన్ రాదు.

అసలు టికెట్టే రాయనివాళ్ల సంగతి? వాళ్లూ ఉన్నారు. ప్రపోజల్ ఎలా రాయాలో తెలియక మానేసినవాళ్లు, ఒకసారి తిరస్కరించాక మళ్లీ రానివాళ్లు మన లెక్కల్లో ఎక్కడా కనపడరు. హబుల్ టెలిస్కోపు సమయం కేటాయించేవాళ్లు దీని మీద ఒక మంచి పని చేశారు. 2018 నుంచి ప్రపోజల్స్ మీద దరఖాస్తుదారుల పేర్లు తీసేసి సమీక్షకు పంపుతున్నారు. అంతకుముందు ఏళ్లలో మహిళలు నాయకత్వం వహించిన ప్రపోజల్స్ ఎంపికలో వెనకబడుతూ వచ్చాయి. పేర్లు తీసిన తొలిసారే వాటి ఎంపిక శాతం పురుషులదానికన్నా కాస్త పైకి వచ్చింది. మొదటిసారి సమయం దక్కించుకున్న కొత్తవాళ్ల సంఖ్య కూడా పెరిగింది. టెలిస్కోపు అదే, అద్దం అదే. మారింది దరఖాస్తు చదివే పద్ధతి. నా దృష్టిలో ఇదీ యూజర్ సపోర్టే.

ఇక ట్రైనింగ్. నా మొదటి శిక్షణ తరగతిలో మూడు గంటలు ఏకబిగిన స్లైడ్లు చూపించాను. అందరూ తలలాడించారు. మర్నాడు లాగిన్ అవ్వగలిగినవాళ్లు నలుగురు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ వాళ్ల పద్ధతి చూసి సిగ్గుపడ్డాను. పరిశోధకులకు కోడింగ్ నేర్పడానికి 1998లో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా మొదలుపెట్టిన శిక్షణ అది. అక్కడ బోధించేవాళ్లు స్లైడ్లు తిప్పరు, అందరి ముందూ కోడ్ టైప్ చేస్తారు, తప్పులు కూడా అందరి ముందే చేస్తారు. నేర్చుకునేవాళ్లకు రెండు రంగుల స్టిక్కీ కాగితాలిస్తారు. పని అయితే ఒక రంగు, ఇరుక్కుంటే ఇంకో రంగు ల్యాప్‌టాప్ మీద అంటించాలి. చెయ్యెత్తి "నాకు రాలేదు" అని నలుగురిలో చెప్పే ఇబ్బంది లేదు. ఆ రాత్రి మా దగ్గర అలాంటి కాగితం ఒకటుంటే గంటన్నర మిగిలేది.

సామాజిక, ఆర్థిక ప్రభావం అన్న మాట వినగానే మన డైరెక్టర్లకు టెన్షన్ పట్టుకుంటుంది, ఎందుకంటే నిధులిచ్చేవాళ్లు ఒక్క అంకె అడుగుతారు. 2011లో బాటెల్ సంస్థ మానవ జీనోమ్ ప్రాజెక్టు మీద అలాంటి అంకె ఇచ్చింది: 380 కోట్ల డాలర్ల పెట్టుబడి, 79,600 కోట్ల డాలర్ల ఆర్థిక ప్రభావం. ఆ రంగంలో జరిగిన వ్యాపారమంతా ఒక్క ప్రాజెక్టు ఖాతాలో వేస్తారా అని చాలామంది పెదవి విరిచారు. నాదీ అదే అనుమానం. కణాలను ఢీకొట్టించి పరీక్షించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ యంత్రం మీద ఆర్థికవేత్త మాసిమో ఫ్లోరియో బృందం 2016లో ప్రచురించిన విశ్లేషణ నాకు నచ్చుతుంది. ఖర్చు కన్నా ప్రయోజనం ఎక్కువయ్యే అవకాశం 90 శాతం అని తేల్చారు, అంటే అనిశ్చితిని దాచకుండా చెప్పారు. ఆ ప్రయోజనాల్లో మూడో వంతు దాకా ఎక్కడిదో తెలుసా? అక్కడ పనిచేసి, నేర్చుకుని, బయటి ఉద్యోగాలకు వెళ్లిన యువ పరిశోధకులది. అక్కడ కనిపెట్టిన హిగ్స్ బోసాన్ కణానికి ధర కట్టడం ఎవరి తరం? మనిషి నేర్చుకున్నదానికి ఎంతో కొంత కట్టొచ్చు.

ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల కథ ఇంకా తేటగా ఉంటుంది. ఒక్కో చిత్రం సుమారు 600 డాలర్లకు అమ్మిన రోజుల్లో, బాగా అమ్ముడైన ఏడాదిలో కూడా పోయినవి 25 వేలే. 2008లో మొత్తం ఉచితం చేశారు. తర్వాతి ఏడాదిలోనే డౌన్‌లోడ్లు 10 లక్షలు దాటాయి. కొత్త ఉపగ్రహమేదీ ఎగరలేదు, గేటు తీశారంతే.

ఓపిక పట్టాల్సిన ఉదాహరణ ప్రొటీన్ డేటా బ్యాంక్, ప్రొటీన్ల త్రిమితీయ నిర్మాణాలను దాచిపెట్టే డేటాబేస్. 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైంది. ఎవరో పంపిన ప్రతి ఫైలునూ తెరిచి, పొసగనిచోట వెనక్కి ఉత్తరం రాసి, ఒకే తీరులోకి తెచ్చే పని అర్ధ శతాబ్దం సాగింది. ప్రొటీన్ల ఆకారాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్ ఆ నిర్మాణాల మీదే శిక్షణ పొందింది. 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో సగం దాన్ని తయారుచేసిన హస్సాబిస్, జంపర్‌లకు వచ్చింది. అయిదేళ్లకోసారి ప్రభావ నివేదిక అడిగేవాళ్లకు 1976లో ఆ డేటా బ్యాంక్ ఏం చూపించగలిగేది?

ఆ ఫైళ్లు దిద్దినవాళ్ల పేర్లు బయటివాళ్లకు పెద్దగా తెలియవు. మన దగ్గరా అంతే. రాత్రంతా యూజర్ పక్కన నిలబడ్డ సైంటిస్టుకు పేపర్ చివర "కృతజ్ఞతలు" అని ఒక ముక్క, అదీ గుర్తుంటే. ప్రమోషన్ కమిటీ మాత్రం అతని సొంత పేపర్లెన్ని అని అడుగుతుంది. నేను చూసిన ఒకచోట ఇలాగే ఇద్దరు మంచివాళ్లు విసిగి వెళ్లిపోయారు. వాళ్లతో పాటు ఏ వాల్వు ఎప్పుడు మొరాయిస్తుందో అన్న జ్ఞానమూ పోయింది. ప్రమోషన్ నియమాల్లో సపోర్ట్ పనికి మార్కులు పెట్టనంతకాలం మనం ఎన్ని పాలసీలు రాసుకున్నా ఉపయోగం తక్కువే.

మీరు తిరిగి వెళ్లాక ఒక చిన్న పని చేయమని అడుగుతాను. మీ టికెట్ల పట్టికలో "మూసిన తేదీ" పక్కన ఇంకో గడి పెట్టండి: "ఆ తర్వాత ఏమైంది?" ఏడాది తర్వాత ఆ యూజర్‌కి రెండు లైన్ల మెయిల్ రాసి, వచ్చిన జవాబు అందులో నింపండి. పేపర్ వచ్చిందా, పేటెంట్ వచ్చిందా, విద్యార్థికి ఉద్యోగం వచ్చిందా, ప్రయోగం విఫలమైందా, ఏదైనా సరే. మేం మొదలుపెట్టిన ఏడాది జవాబిచ్చినవాళ్లు సగం కూడా లేరు. అయినా ప్రభావ నివేదిక రాయడానికి కూర్చున్నప్పుడు మా ముందు మొదటిసారి నిజమైన మనుషులున్నారు.

ఇక ప్రశ్నలు. మొదట వెనక వరసలవాళ్లు అడగండి. కాగితం మీద రాసి పంపినా చదువుతాను, పేరు రాయక్కర్లేదు.