ఏళ్ల తరబడి చదివే అలవాటు పోటీ పరీక్షల్లో మార్కులు పెంచుతుందా?

(నల్లగొండలో ఇంటర్ విద్యార్థులు, తల్లిదండ్రుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. "ఎనిమిదో తరగతి నుంచి మా వాడు రోజూ చదువుతూనే ఉన్నాడు, మరి ఎప్‌సెట్‌లో మార్కులెందుకు రాలేదు?" అని దేవరకొండలోనూ, మిర్యాలగూడలోనూ తల్లిదండ్రులు అడుగుతుంటారు. దీర్ఘకాలపు అలవాటు మార్కులు పెంచుతుందనే నేను నమ్ముతాను; కాకపోతే ఎన్ని గంటలు కూర్చున్నారన్న లెక్కతో ఆ పెరుగుదల తేలదు.

ఇంజినీరింగ్ ప్రవేశాలకు తెలంగాణలో పెట్టే ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలే ఇస్తారు. అందులో గణితానివే 80. సూత్రం నోటికి వచ్చినా, లెక్కను చూడగానే ఏ సూత్రం పనికొస్తుందో తట్టకపోతే ఆ నిమిషం కాస్తా గడిచిపోతుంది. అలా తట్టే నేర్పు వేసవి క్రాష్ కోర్సులో అబ్బేది కాదు. ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకు ఇచ్చే వెయిటేజీని 2023లో తీసివేశారు కనుక, ర్యాంకు భారమంతా ఆ మూడు గంటల మీదే పడింది.

నేర్చినదానిలో ఎక్కువ భాగం తొలి రోజుల్లోనే మరపున పడుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపించారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె ఒక పాఠ్యభాగాన్ని కొందరు విద్యార్థులతో మళ్లీ చదివించి, మరికొందరితో చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారే మెరుగు. వారం తర్వాత పరీక్షిస్తే చూడకుండా రాసినవారు ముందున్నారు. మన స్టడీ అవర్లలో ఎక్కువగా జరిగేది మాత్రం ఆ మొదటి పద్ధతే.

వేళకు కూర్చోబెట్టి చదివించడం మన ప్రాంతానికి కొత్త కాదు, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లోనే తొలి గురుకులం వెలసింది. వేళ కుదిరాక చేయవలసిన పనికి ఒక తప్పుల నోటుబుక్కు చాలు. మోడల్ పేపర్లో పోయిన లెక్కను ఎడమ పేజీలో రాసి, సూత్రం తెలియలేదా, మైనస్ గుర్తు జారిందా, ప్రశ్నను సగమే చదివామా అన్నది కుడి పేజీలో రాయాలి. మూడు రోజులకు, మళ్లీ పది రోజులకు, కుడి పేజీ మూసి ఆ లెక్కను మొదటినుంచి చేయాలి. విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను.

తొమ్మిదో తరగతి బీజగణితమే రానివాడికి ఇది కూడా చాలదు. ముందు అక్కడికే వెనక్కి వెళ్లాలి. ర్యాంకు సంగతి వేరు: తోటివారూ చదువుతారు కనుక మార్కులు పెరిగినా ర్యాంకు కదలకపోవచ్చు. అలవాటు పనిచేస్తోందో లేదో తెలియాలంటే, ఆరు నెలల కింద రాసిన మోడల్ పేపర్ల పక్కన ఈ నెలవి పెట్టి, అవే తప్పులు మళ్లీ వచ్చాయేమో చూడండి.