వాటా తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

(విజయవాడలో ఏంజెల్ ఇన్వెస్టర్లు, మెంటర్లు, కాలేజీ ఇంక్యుబేషన్ సెంటర్ల బాధ్యులను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో డబ్బు పెట్టేవాళ్లు, సలహా చెప్పేవాళ్లు, కొత్త కంపెనీలకు చోటిచ్చి సాయపడే ఇంక్యుబేషన్ సెంటర్లు కాలేజీల్లో నడిపేవాళ్లు ఉన్నారు. స్టార్టప్ పెట్టే కుర్రాళ్లు ఏం చేయాలో చెప్పే సభలు మన దగ్గర చాలానే జరుగుతున్నాయి. అందుకని ఇవాళ వాళ్ల జోలికి వెళ్లను. సాయం చేసేవాళ్ల చేతుల్లోనే కంపెనీ ఎలా పాడవుతుందో, అలా జరక్కుండా ఏ కాగితం ఎప్పుడు రాసుకోవాలో చెబుతాను.

ముందుగా వాటా సంగతి. కోల్డ్ స్టోరేజీ అయినా, జిన్నింగ్ మిల్లు అయినా, సినిమా డిస్ట్రిబ్యూషన్ అయినా మన దగ్గర డబ్బు పెట్టినవాడిదే పెద్ద వాటా. అక్కడ అది సబబే. ఆస్తి కంటికి కనబడుతుంది, లాభం ఏటా పంచుకుంటారు. స్టార్టప్‌లో ఏటా పంచుకోడానికి ఏమీ ఉండదు. రెండోసారి, మూడోసారి బయటివాళ్లు వచ్చి డబ్బు పెడితేనే మొదట పెట్టినవాళ్ల డబ్బుకు విలువ. కాబట్టి మొదటి వాటా తేల్చేటప్పుడే తర్వాత వచ్చేవాడి కళ్లతో చూడాలి.

లెక్క వేసి చూద్దాం. ఇద్దరు కుర్రాళ్లు చెరిసగం వాటాతో కంపెనీ పెట్టారు. బాబాయి వరసయ్యే ఒకాయన పది లక్షలిచ్చి 30 శాతం తీసుకున్నారు. కాలేజీకి 5, మెంటర్‌కు 5. కుర్రాళ్లకు చెరో 30 మిగిలింది. అంటే రాత్రింబవళ్లు పనిచేసేవాడూ, సంక్రాంతికి ఒకసారి ఆఫీసు చూసిపోయే బాబాయిగారూ మొదటి రోజు నుంచే సమానం. తర్వాత ఉద్యోగుల షేర్లకు 10 శాతం, సీడ్ రౌండ్‌కు, అంటే బయటి ఇన్వెస్టర్లు పెట్టే మొదటి విడత డబ్బుకు 20 శాతం, కలిపి 30 శాతం పోతే చెరో 21. ఆపై రౌండ్‌లో ఇంకో 20 శాతం ఇస్తే చెరో 16.8. ఈ వాటాల లెక్క చూసిన ఇన్వెస్టర్‌కు వచ్చే అనుమానం ఒకటే: ఇంత తక్కువ వాటా ఉన్నవాడు మంచి ఉద్యోగం వస్తే కంపెనీలో ఉంటాడా? దాంతో మాటలు ఆగిపోతాయి. అప్పుడు బాబాయిగారి దగ్గర వాటా వెనక్కి అడగాలి, అది పన్ను లెక్కలతోనూ కుటుంబ గొడవలతోనూ కూడిన పని. నా లెక్కలో, మొదటి డబ్బు పెట్టినవాళ్లంతా కలిసి 10 నుంచి 20 శాతం దాటకూడదు.

కంపెనీకి విలువ కట్టడం ఇప్పుడే కుదరదనుకుంటే కన్వర్టిబుల్ నోట్ ఉంది, అంటే ఇప్పుడు అప్పుగా ఇచ్చి తర్వాత షేర్లుగా మార్చుకునే పత్రం. డీపీఐఐటీ (కేంద్రంలో పరిశ్రమలు, అంతర్గత వాణిజ్యం చూసే విభాగం) గుర్తింపు ఉన్న స్టార్టప్ కంపెనీ అయి ఉండాలి, ఒక్కొక్కరు ఒకే విడతలో 25 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలి, పదేళ్లలోగా అది షేర్లుగా మారాలి లేదా తిరిగి చెల్లించాలి. మన దగ్గర ఐదు, పది లక్షలు పెట్టేవాళ్లే ఎక్కువ. వాళ్లకు తప్పనిసరిగా షేర్లుగా మారే ప్రిఫరెన్స్ షేర్లు, అదే సీసీపీఎస్, సరిపోతాయి.

ఇక డబ్బు ఇచ్చే పద్ధతి. ఎక్కువ కంపెనీలు చిక్కుల్లో పడేది ఇక్కడే. నగదు వద్దు. కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం షేర్ల డబ్బు చెక్కు, డీడీ లేదా బ్యాంకు బదిలీ ద్వారానే రావాలి, అదీ దానికోసం విడిగా పెట్టిన ఖాతాలోకి. కుర్రాడి సేవింగ్స్ ఖాతాలో వేసి ‘తర్వాత సర్దుకుందాం’ అంటే, రేపు కంపెనీ లెక్కల్లో మీ పేరే ఉండదు. ముందు బోర్డు తీర్మానం, షేర్‌హోల్డర్ల ప్రత్యేక తీర్మానం, షేర్లకు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు, మీ పేరున పీఏఎస్-4 ఆఫర్ లెటర్ ఉండాలి. ఆ తర్వాతే డబ్బు. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. కేటాయించకపోతే తర్వాతి 15 రోజుల్లో తిరిగిచ్చేయాలి, అదీ చేయకపోతే 12 శాతం వడ్డీ. కేటాయించాక 15 రోజుల్లో ఆ వివరాలతో పీఏఎస్-3 ఫారం దాఖలు చేయాలి. అప్పటిదాకా ఆ డబ్బు కంపెనీ వాడుకోకూడదు. షేర్లను అసలు విలువ కంటే ఎక్కువకు అమ్మితే ఆ తేడా మీద కంపెనీకి పడే ఏంజెల్ ట్యాక్స్‌ను 2024 బడ్జెట్‌లో తీసేశారు కదా, ఇక వాల్యుయేషన్ ఎందుకని కొందరు అడుగుతారు. పోయింది ఆదాయపు పన్ను చట్టంలో ఉన్నది. కంపెనీల చట్టం అడిగే రిపోర్టు అలాగే ఉంది.

వెస్టింగ్ గురించి, అంటే షేర్లు ఒకేసారి కాకుండా పనిచేసిన కాలాన్ని బట్టి సొంతం కావడం గురించి ఒక మాట. మన కాలేజీల్లో ముగ్గురు కలిసి కంపెనీ పెడతారు, ఆగస్టు వచ్చేసరికి ఒకరికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వస్తుంది. వెళ్లడంలో తప్పేం లేదు. కానీ మూడో వంతు షేర్లు కూడా అతనితోపాటే డల్లాస్ వెళ్లిపోతే ఇక్కడున్న ఇద్దరూ ఏం చేయాలి? నాలుగేళ్ల వెస్టింగ్, మొదటి ఏడాది క్లిఫ్ (ఏడాది నిండేదాకా ఏమీ దక్కదనే షరతు) రాసుకుంటే ఎనిమిదో నెలలో వెళ్లినవాడికి ఏమీ రాదు. ఏడాదిన్నరకు వెళితే అతని వాటాలో 37.5 శాతం, అంటే మొత్తం కంపెనీలో 12.5 శాతం అతనితో ఉంటుంది. ఈ ఒప్పందం రాయించనిదే చెక్కు ఇవ్వకండి. కోడ్, డిజైన్ కంపెనీకి బదిలీ చేసిన పత్రం కూడా అప్పుడే తీసుకోండి.

కాలేజీల వాళ్లకు. విద్యార్థులు, అధ్యాపకుల కోసం 2019లో వచ్చిన జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం చదవండి. వసతులు, నిధులు, మెంటరింగ్ ఇచ్చినందుకు కాలేజీ 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చని అందులో ఉంది. ఒక గది, వైఫై ఇచ్చి పై అంకె అడగడం అత్యాశే. విద్యార్థులు కాలేజీ చిరునామాతో కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చు, హాజరు తగ్గినా అనుమతితో పరీక్ష రాయొచ్చు, సెమిస్టర్ విరామం తీసుకోవచ్చు. కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి, డిపార్ట్‌మెంట్ గుమస్తా దాకా మాత్రం చేరవు.

ఈ హాజరు మినహాయింపు ఎంత ముఖ్యమో మిర్చితో చెబుతాను. నాలుగో సంవత్సరం జట్టు ఒకటి ఎండుమిర్చి తేమ కొలిచే మీటరు చేస్తోందనుకోండి. గుంటూరు యార్డుకు కొత్త సరుకు జోరుగా వచ్చేది ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో. మేలో యార్డుకు వేసవి సెలవులు. సరిగ్గా ఆ మూడు నెలల్లోనే కాలేజీలో ప్రాజెక్ట్ రివ్యూలు, పరీక్షలు. ఆ సీజన్ తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. మధ్యలో దొరికేదంతా కోల్డ్ స్టోరేజీ సరుకు, దాని తేమ తీరు వేరు. తేజ కాయకు సరిచేసిన మీటరు ముడతల బ్యాడిగి కాయ మీద తప్పు చూపిస్తుంది, కాబట్టి రకానికొక కాలిబ్రేషన్ కావాలి. పోల్చి చూడ్డానికి మామూలు ఓవెన్‌లో ఆరబెడితే నీటితోపాటు ఆవిరయ్యే నూనెలూ పోయి, తేమ ఎక్కువగా కనబడుతుంది. మసాలా దినుసులకు టొల్యూన్ అనే ద్రావకంతో స్వేదనం చేసి కొలవాలి. ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన తేమ హద్దు 11 శాతం అయినప్పుడు ఒక్క శాతం తేడా కూడా కొంపముంచుతుంది. ఇలాంటి జట్టుకు డిసెంబరు లోపే ల్యాబ్, హాజరు మినహాయింపు, యార్డులో ఒక కమీషన్ ఏజెంట్ పరిచయం కుదిర్చిపెట్టే మెంటర్ కావాలి. యాప్ కూడా పెట్టమని చెప్పే మెంటర్ అక్కర్లేదు.

అదే జట్టు టెక్ ఫెస్ట్‌లో మీటరు విప్పి చూపించినా, గైడ్‌గా ఉన్న అధ్యాపకుడు దాని మీద పేపర్ ప్రచురించినా పేటెంట్‌కు కావాల్సిన కొత్తదనం పోయినట్టే. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయించండి. ఆన్‌లైన్‌లో స్టార్టప్‌కూ విద్యాసంస్థకూ ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలు 12 నెలల్లో ఇవ్వాలి. ప్రోటోటైప్ డబ్బుకు స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ లాంటి పథకాలు చూడండి. 2021లో అది మొదలైనప్పుడు ఇంక్యుబేటర్ ద్వారా 20 లక్షల దాకా గ్రాంట్, మార్కెట్‌లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా అప్పుగానో డిబెంచర్లుగానో ఇచ్చేలా పెట్టారు. గ్రాంటుతో అయ్యే పనికి వాటా అమ్మించకండి.

మెంటర్లు పదిహేను రోజులకు ఒక గంట ఇస్తే చాలు, కానీ మాట్లాడింది రాసివ్వాలి. ముగ్గురు మెంటర్లు మూడు దారులు చూపిస్తే కుర్రాళ్లు మూడూ కాస్త కాస్త చేస్తారు, ఏదీ పూర్తికాదు. ఆఖరి మాట చెప్పే మెంటర్ ఒక్కరే ఉండాలి. వాటా తీసుకుంటే పావు శాతం నుంచి ఒక శాతం, అదీ రెండేళ్ల వెస్టింగ్‌తో.

చివరిగా ఎవరూ మాట్లాడనిది, కంపెనీ మూసేయడం. ఉద్యోగం రాగానే కుర్రాళ్లు కంపెనీని గాలికొదిలేస్తారు. వార్షిక పత్రాలు దాఖలు చేయకపోతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయల ఆలస్య రుసుం, ఏడాదికి 36,500. ఇలా వరుసగా మూడేళ్లు వదిలేస్తే డైరెక్టర్‌గా ఐదేళ్ల అనర్హత. ఇరవై ఒకటో ఏట సరదాగా కంపెనీ పెట్టినవాడు, నిజంగా వ్యాపారం చేసే ఈడుకు వచ్చేసరికి ఏ కంపెనీలోనూ డైరెక్టర్ కాలేడు. అప్పులు తీర్చి, బ్యాంకు ఖాతా మూసి, ఎస్‌టీకే-2 ఫారం వేసి రిజిస్టర్‌లో కంపెనీ పేరు కొట్టేయించుకోవచ్చు. ఫీజు పదివేలు, ఆడిటర్ ఖర్చు వేరు. మీరు చెక్కు ఇచ్చిన రోజే ఈ మూసివేత ఖర్చుకు సరిపడా డబ్బు ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పక్కన పెట్టించండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.